చచ్చిన గొంతుతో ఇంటికి పోకూడదు

అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్ తెలుగువాళ్లలో చాలామందికి శ్యామ్‌సుందర్ గారి మొహం కంటే గొంతు ముందు తెలుసు. ఉగాది సభలో మైకు ఆయనదే. గుళ్లో కల్యాణం జరిగే రోజు చెప్పులు ఎక్కడ విడవాలో, కార్లు ఎక్కడ పెట్టాలో చెప్పే గొంతూ ఆయనదే. మిగతా రోజుల్లో స్కూల్ బస్సు నడిపేవాడు. ఆ బస్సెక్కే తెల్లపిల్లలకి కూడా "కూర్చో" అంటే ఏమిటో తెలుసు.

నేను ఏసీలు రిపేర్ చేస్తాను. ఆ సభలకి సౌండ్ పెట్టేదీ నేనే. ఎవరూ నేర్పలేదు, పాడైన యాంప్లిఫయర్లు విప్పి చూసుకుని నేర్చుకున్నాను. మైకు ముందు ఎలా నిలబడాలో తెలిసినవాళ్లు మా సభల్లో అరుదు. కొందరు దాన్ని మింగేస్తారు, కొందరు దానికి భయపడి దూరం జరుగుతారు. ఆయన జానెడు దూరంలో నిలబడి, పెదాలు కలిసే అక్షరం వచ్చినప్పుడల్లా మొహం రవ్వంత పక్కకి తిప్పేవాడు. అప్పుడు గాలి దెబ్బ మైకుకి తగలదు. ఆ తిప్పడం నేను గమనించాను. నేను గమనించానని ఆయన గమనించాడు. అప్పటినుంచి ఆయన నాకు అన్న, నేను తమ్ముణ్ణి.

ఆయనది చీరాల. కుర్రతనంలో సినిమా వేషాలకని మద్రాసు వెళ్లి, వేషం దొరక్క డబ్బింగ్ థియేటర్లో గుంపు గొంతుల్లో చేరాడు. పరాయి భాషల యుద్ధం సినిమాలు తెలుగులోకి తెచ్చేటప్పుడు తూటా తగిలి పడిపోయే సిపాయిలందరికీ కేకలు కావాలి. ఆ కేకలు పెట్టడం ఆయన పని.

"నేను చావని యుద్ధం లేదు తమ్ముడూ. రెండు పక్కలా నేనే చచ్చాను" అనేవాడు.

ఆ గుంపుకి పెద్ద ఒకాయన ఉండేవాడట. అందరూ మేస్త్రీ అని పిలిచేవాళ్లు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. చావు కేక పెట్టినవాడు ఆ గొంతుతోనే ఇంటికి పోకూడదు. అదే మైకు ముందు నిలబడి, బతికున్న మనిషితో ఒక మామూలు మాట మాట్లాడి పోవాలి. అన్నం తిన్నావా, గొడుగు తెచ్చుకున్నావా, ఏదైనా సరే. గుంపులో కొత్తగా చేరినవాళ్లు నవ్వేవాళ్లట. ఓ నెల తిరిగేసరికి వాళ్లూ మాట్లాడకుండా బయటికి వచ్చేవాళ్లు కాదట. అన్నకి దాని మీద నమ్మకం ఉందో లేదో నాకు తెలీదు. అడిగితే, "వడ్రంగి పనయ్యాక ఉలి తుడిచి పెట్టుకోడూ? ఇదీ అంతే" అన్నాడు.

తర్వాత అక్క స్పాన్సర్ చేస్తే భార్య శాంతి వదినతో, చిన్నపిల్లగా ఉన్న కూతురు అదితితో ఇక్కడికి వచ్చేశాడు. సినిమాలు అక్కడితో అయిపోయాయి. అదితి ఇప్పుడు వేరే రాష్ట్రంలో, బాతెల్‌లో ఉద్యోగం చేస్తోంది.

ఆయన్ని మళ్లీ సినిమాకి పిలిచింది నీల్. ఇక్కడే పుట్టిన కుర్రాడు, మా గుడికి వచ్చే కుటుంబం. వారమంతా కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం, శని ఆదివారాలు సినిమా. కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మద్రాసు సైన్యం నుంచి ఇద్దరు తెలుగువాళ్లు ఆఫ్రికా ఎడారిలో శత్రువుల వెనకవైపు గూఢచారులుగా దాక్కుంటారు. చేతిలో ఒక వైర్‌లెస్ సెట్టు, తిండికి ఒక బిస్కెట్ల డబ్బా. వాళ్లలో పెద్దవాడు చచ్చిపోతాడు. సెట్టులో బ్యాటరీ కూడా అయిపోతుంది. అయినా ఆ సెట్టులోంచి చచ్చినవాడి గొంతు వస్తూనే ఉంటుంది. ట్రక్కులు ఎటునుంచి వస్తున్నాయో, ఏ గుట్ట వెనక దాక్కోవాలో చెబుతుంది. బతికినవాడు ఆ గొంతును నమ్మి నడుస్తాడు. తినేముందు ప్రతిసారీ సగం బిస్కెట్లు తీసి పక్కన పెట్టి, వాడికోసం చూస్తూ కూర్చుంటాడు. చివర్లో ఆ గొంతు ఆఖరి మాట చెప్పి ఆగిపోవాలి. అప్పుడు బతికినవాడు ఒంటరిగా లేచి తనవాళ్ల వైపు నడుస్తాడు.

ఎడారికి మాకు కొదవ లేదు. ఆఫ్రికాలో లేని నిలువెత్తు కాక్టస్‌లు ఫ్రేములో పడకుండా చూసుకోవడమే పని. బొమ్మ తీయడం అంతా అయిపోయింది. దయ్యం గొంతు ఒక్కటే మిగిలింది.

అప్పటికే అన్న గొంతులో క్యాన్సర్ ఒకసారి వచ్చి, రేడియేషన్‌తో తగ్గింది. ఆ వేసవిలో తిరగబెట్టింది. ఈసారి స్వరపేటికని మొత్తం తీసేయాలన్నారు. మెడ ముందువైపు చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచి ఆడుతుంది, నోటితో మాట ఉండదు. ఆపరేషన్‌కి మూడు వారాల తర్వాత తారీఖు ఇచ్చారు. ఆ మూడు వారాల్లోనూ గొంతు పొద్దున కాసేపు బాగుండేది, మధ్యాహ్నానికి గరగర, ఆ తర్వాత ఏమీ లేదు.

ఉన్న ఆ కాసేపు దేనికి వాడాలన్నది ఇంట్లో గొడవైంది.

ఆస్పత్రిలో స్పీచ్ థెరపీ అమ్మాయి ఒక దారి చెప్పింది. రోజూ ఇంట్లో వాడే మాటలు ముందే రికార్డు చేసి ఫోన్లో పెట్టుకుంటే, తర్వాత నొక్కినప్పుడల్లా ఆయన గొంతే పలుకుతుంది. వదినకి అది కావాలి. అన్నకి అదీ కావాలి, సినిమా కూడా కావాలి.

"ఉన్న కాస్త గొంతూ దయ్యానికి పోస్తారా?" అంది వదిన నా ఎదురుగానే.

సరే, ముందు ఇంటి మాటలే చేద్దామన్నాను. నా స్టూడియో అంటే మా పడగ్గదిలో బట్టల క్లోజెట్. గోడలకి బొంతలు వేలాడేసి, మధ్యలో మైకు పెట్టాను. ఏసీ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి అది ఆపేయాలి. అరిజోనాలో జూన్ నెల, ఏసీలు బాగుచేసుకుని బతికేవాణ్ణి, ఏసీ ఆపి మనుషుల్ని ఉడకబెడుతుంటానని అన్న ఎగతాళి చేసేవాడు. ఆ ఉక్కలో నిలబడి అన్నీ చదివాడు. శాంతీ కాఫీ ఇవ్వు. తలుపెవరో కొడుతున్నారు చూడు. నాకు నొప్పిగా ఉంది. అదితికి ఫోన్ చెయ్. ఒక్క తప్పు లేదు, ఎక్కడా ఊపిరి చప్పుడు లేదు.

సాయంత్రం వాళ్లింట్లో వదినకి వినిపించాం. రెండు మాటలు విని ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"ఇదెవరు?" అంది.

ఆయన నవ్వబోయాడు. వదిన నవ్వలేదు.

"వార్తలు చదివేవాడు నన్ను కాఫీ అడుగుతున్నట్టుంది. ఈ మనిషితో నేను కాపురం చెయ్యలేదు."

ఆవిడ చెప్పింది నిజం. అంతకుముందు నాకు తట్టలేదు. మైకు కనిపించగానే అన్న వీపు నిటారయ్యేది, గొంతు పొట్టలోంచి వచ్చేది, ప్రతి అక్షరం కడిగినట్టు పడేది. ఇన్నేళ్ల అలవాటు. ఇంట్లో మాట్లాడే గొంతు వేరు. కొంచెం ముక్కుతో, మాటల చివర్లు మింగేస్తూ, సగం గొణుగుడు. మర్నాడు మళ్లీ ప్రయత్నించాం. కూర్చోబెట్టి చూశాను, పడుకోబెట్టి చూశాను. మైకుని బొంత వెనక దాచి, ఊరికే కబుర్లు చెబుతున్నట్టు నటించాను. ఎక్కడ పెట్టానో ఆయనకి తెలిసిపోయేది. తెలిశాక ఇక ఇంటి గొంతు వచ్చేది కాదు. మూడోరోజు బొంత పక్కకి లాగి, చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"నావల్ల కాదు తమ్ముడూ. ఇన్నాళ్లూ అందరి గొంతులూ నేను పలికాను. నాది నాకు రావట్లేదు. సినిమా పని చేద్దాం, అదైనా అవుతుంది."

ఆ మాట వదినకి చెబితే, సరే కానివ్వండి అని బట్టలు మడతపెట్టుకుందట. అది నాకు గొడవకంటే బరువుగా అనిపించింది.

దయ్యం గొంతు మొదటి రోజు నీల్ క్లోజెట్ బయట చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. "అంకుల్, కొంచెం ఇంకా... హాంటెడ్‌గా" అన్నాడు. అన్న తల బయటికి పెట్టి, "దయ్యమంటే జలుబు చేసినవాడు కాదు బాబూ. వాడికి తను చచ్చానని ఇంకా గుర్తులేదు. దారి చెబుతున్నాడు, అంతే" అన్నాడు. అలాగే చెప్పాడు కూడా. ఎడమవైపు గుట్ట. రెండు ట్రక్కులు. లైట్లు ఆర్పేసి వస్తున్నాయి. కదలకు. వింటుంటే ఆ ఉక్కలో కూడా నాకు చేతుల మీద రోమాలు లేచాయి.

పని అయిన ప్రతిసారీ మేస్త్రీ నియమం పాటించేవాడు. క్లోజెట్‌లోంచి బయటికి రాకుండా, మైకు ముందే నిలబడి వదినకి ఫోన్ చేసేవాడు. మద్రాసులో అయితే పక్కవాడు ఉండేవాడు, ఇక్కడ ఆవిడే. నేను రికార్డర్ ఆపేవాణ్ణి కాదు. ఆయన ఫోన్ పెట్టేశాక ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు తీసుకోవాలి, మాటకీ మాటకీ మధ్య అతుకు కనపడకుండా వేయడానికి అది కావాలి. ఆయన మాట్లాడేటప్పుడు హెడ్‌ఫోన్లు తీసేసి వంటింట్లోకి నీళ్లకి వెళ్లేవాణ్ణి. భార్యాభర్తల మాటలు మనకెందుకని.

చివరి రోజు మిగిలింది దయ్యం ఆఖరి మాట. నీల్ రాసింది ఇది: "ఈ ఇసుక మన పేర్లు మర్చిపోదు." అన్న దాన్ని రకరకాలుగా చెప్పాడు. గొంతు చివరికొచ్చేసింది, ప్రతి టేక్ తర్వాత తేనె నీళ్లు తాగుతున్నాడు. అన్నీ బాగున్నాయి. ఏదీ సరిపోలేదు. నీల్‌కి తెలుసు, నాకు తెలుసు, ఆయనకి అందరికంటే బాగా తెలుసు. ఇక చాలన్నాం. ఆయన లోపలే ఉండి వదినకి ఫోన్ చేసి, బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ తర్వాత నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

ఆపరేషన్ అయింది. మెడకి పట్టుకుంటే మరమనిషిలా పలికే పరికరం ఒకటి ఇచ్చారు. ఒకసారి పెట్టుకుని డ్రాయర్లో పడేశాడు. మైకు గొంతులో ఉన్న ఇంటి మాటలు కూడా ఫోన్లో ఉండిపోయాయి, వదిన ఉన్నప్పుడు ఆయన వాటిని నొక్కలేదు. చిన్నపిల్లల పలక ఒకటి కొనుక్కుని మార్కర్‌తో రాసేవాడు. బస్సు ఉద్యోగం పోయింది. ఉగాదికి మైకు ఇంకొకరు పట్టుకున్నారు. అన్న చివరి వరసలో కూర్చుని, ఆ కుర్రాడు మైకుని మింగేస్తుంటే మొహం రవ్వంత పక్కకి తిప్పుతూ ఉన్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకి నీల్ ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. గది చప్పుడు కోసం వెతుకుతూ చివరిరోజు ఫైలు మొత్తం విన్నాడట. అన్న ఫోన్ మాటలు అందులో ఉన్నాయి.

"నువ్వు తినెయ్. నా కోసం చూడకు. వస్తాలే."

ముక్కుతో, చివర్లు మింగేసి, అరిగిపోయిన గొంతుతో. మైకు ఎదురుగా ఉందన్న సంగతి మర్చిపోయిన గొంతు. నీల్ దాన్ని చివరి సీనులో వేసి చూపించాడు. బతికినవాడు సగం బిస్కెట్లు పక్కన పెట్టి కూర్చుని ఉన్నాడు. సెట్టులోంచి ఆ మాట వచ్చింది. వాడు పక్కన పెట్టిన బిస్కెట్లు తీసుకుని తినడం మొదలుపెట్టాడు. సినిమాకి అంతవరకు లేనిది అప్పుడు వచ్చింది. ఇసుక, పేర్లు, అన్నీ దాని ముందు దండగ.

మిగతా రోజుల ఫైళ్లు కూడా వెతికాను. ఫోన్ చేసిన ప్రతిసారీ ఇంటి గొంతే. మేం బొంతల వెనక దాచి పట్టుకోలేనిది, మేం పట్టించుకోని చోట పడి ఉంది. అన్నీ కోసి వదిన కోసం ఒక ఫైలు చేశాను. చివరి రోజుది వాడుకోవాలంటే మాత్రం వాళ్లని అడగాల్సిందే అని నీల్‌తో చెప్పాను.

ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాం. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి సీను వేశాడు నీల్. అన్న కళ్లు మూసుకుని విన్నాడు, టేక్ వినేటప్పుడు ఎప్పుడూ అలాగే వింటాడు. వదిన నిలబడే ఉంది. ఆ మాట వచ్చినప్పుడు కుర్చీ వెనక కొయ్యని పట్టుకుంది.

అన్న పలక తీసుకుని రాశాడు: ఇదే టేక్.

రాసి మావైపు తిప్పాడు. ఆపరేషన్ తర్వాత ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. జీవితమంతా చేసిన పనిలో అదే అన్నిటికంటే మంచిదని ఆయనకి తెలుసు.

వదిన వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. కాసేపటికి కట్టేసి వచ్చింది.

"ఆంటీ, మీకు ఇష్టం లేకపోతే..." అన్నాడు నీల్.

"ఆయన నాకెందుకు ఫోన్ చేసేవారో నీకు తెలుసా నాన్నా?" అంది. నీల్‌కి తెలీదు. మేస్త్రీ సంగతి, ఆ నియమం సంగతి చెప్పింది. "చావు గొంతు మైకు దగ్గరే వదిలేసి రావడానికి చేసేవారు. నాతో అన్న ఆ మాటని పట్టుకెళ్లి మళ్లీ చచ్చినవాడి నోట్లోనే పెడతానంటున్నావు."

నీల్ లాప్‌టాప్ మూశాడు.

"ఆయన బతికుండగా వద్దు" అంది.

అన్న ఆవిడవైపు చూశాడు. వాదించడానికి గొంతు లేదు, ఉన్నా వాదించేవాడు కాదేమో. పలక మీది మాటని అరచేత్తో తుడిచేశాడు. మార్కర్ మరక చేతికి అంటుకుంది.

నేను చేసిన ఫైలు వదిన ఫోన్లో వేసి వచ్చాను. నీల్ ఇసుక మాటే ఉంచి సినిమా ముగించాడు. రెండు మూడు ఫెస్టివల్స్‌కి పంపితే తీసుకోలేదు. పని బాగుంది, చివర తేలిపోయింది అన్నారట. అన్నకి చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

శీతాకాలంలో ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఆస్పత్రివాళ్లు ఇంక చేసేదేం లేదని ఇంటికి పంపేశారు. హాల్లో మంచం వేశారు, నర్సు వచ్చి వెళ్లేది, అదితి సెలవు పెట్టి వచ్చింది. ఊపిరి మెడ రంధ్రంలోంచి ఈల వేసినట్టు వచ్చేది. ఆ పక్కన కూర్చుని నేను చెప్పగలిగింది ఏమీ లేదు కాబట్టి వాళ్ల ఏసీ ఫిల్టర్ మార్చి, హీటర్ చూసి వచ్చేవాణ్ణి. కొన్ని రోజులకి పలక పట్టుకునే బలం పోయింది. చెయ్యి ఊపేవాడు, అదీ పోయింది. ఒక గురువారం పొద్దున ఆ ఈల ఆగిపోయింది. వదిన వెంటనే ఎవర్నీ పిలవలేదట. కాసేపు అలాగే కూర్చుని, తర్వాత అదితిని లేపింది.

పదోరోజు కార్యక్రమాలకి గుడి పక్కన హాల్లో మైకు పెట్టమన్నారు. పెట్టాను. ఆ మైకులో మాట్లాడిన వాళ్లందరూ ఆయన గొంతు గురించే మాట్లాడారు, ఒక్కరూ సరిగ్గా నిలబడలేదు.

అదితి వెళ్లిపోయిన వారానికి వదిన ఫోన్ చేసింది.

"అవినాష్, ఆ మాట ఇప్పుడు పెట్టుకోమను ఆ అబ్బాయిని."

నేను చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. ఆవిడే మళ్లీ అంది. "ఆరోజు పలక మీద రాసింది చూశాను. చెరిపింది కూడా చూశాను. బతికుండగా వద్దన్నాను. ఇక ఆ పట్టింపు లేదు."

వద్దనుకుంటే వద్దు వదినా, సినిమా ఎక్కడికీ పోదు, అన్నాను.

"అది ఆయన పని. పని బాగా వచ్చిందని ఆయనే చెప్పారు" అని ఫోన్ పెట్టేసింది.

నీల్‌కి చెప్పాను. వాడు లాప్‌టాప్ తెచ్చి క్లోజెట్‌లో కూర్చున్నాడు. ఇసుక మాట తీసేసి ఆ స్థానంలో ఇది వేశాం. గొంతుకి వైర్‌లెస్ గరగర కొద్దిగా కలిపాను, ఎక్కువ కలిపితే చివరి మింగుడు పోతుంది. మొదట్లో ఫోన్ మోగిన చప్పుడు అంచు మిగిలింది, దాన్ని కోశాను. అతుకులో గది చప్పుడు వేశాను, అదే గది, అదే ఉక్క. మొదట్నుంచి చివరిదాకా ఒకసారి విన్నాం. సరిగ్గా ఉంది. నీల్ మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

నేను లేవబోయి ఆగాను. చచ్చినవాడి గొంతు అంతసేపు చేత్తో సరిచేసి, అలాగే బయటికి పోవడానికి మనసొప్పలేదు. మైకు ముందు నిలబడి వదినకి ఫోన్ చేశాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

"అన్నం తిన్నావా వదినా?"

ఎక్కడినుంచి చేస్తున్నానో ఆవిడకి అర్థమైందనుకుంటాను.

"లేదు" అంది. "నువ్వు తినెయ్ అని ఆయన ఫోన్ చేసిన ఏ రోజూ నేను ముందు తినలేదు అవినాష్. అన్నం వండి, ఇదిగో ఇక్కడే కూర్చునేదాన్ని."